ఇంకొకటి పడుతుందా?

రోడ్డు పక్క తోపుడుబండి మీద బత్తాయిలు పేర్చే మనిషిని కాసేపు నిలబడి చూడండి. అడుగు పొరలో కాయని కాయకి ఆనించి పెడతాడు. పక్క వరుసని అరకాయ మేర జరుపుతాడు. పై పొర కాయని కింది మూడు కాయల నడుమ పడ్డ గుంటలో కూర్చోబెడతాడు. కొలబద్ద లేదు, కాగితం లేదు. గుంట ఎక్కడుందో చేతికే తెలుసు. సాయంత్రానికి కుప్ప సగం తరిగినా మిగిలిన సగం జారిపోదు.

ఆ కుప్పలో కాయలు ఆక్రమించిన చోటు నూటికి 74 పాళ్ళు. మిగతా 26 పాళ్ళు సందులు. ఇంతకంటే ఒత్తుగా పేర్చే ఉపాయం ఉందా? లేదని 1611లో ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు రాశాడు. లేదన్న మాటకి రుజువు 1998లో వచ్చింది. ఆ రుజువులో తప్పు లేదని అనుమానానికి తావు లేకుండా తేలేసరికి 2014 అయింది.

నాలుగు వందల ఏళ్ళు ఎందుకు పట్టింది? "పట్టింది" అనడానికి పేర్చి చూపిస్తే చాలు. "ఇక పట్టదు" అనడానికి ఏం చూపించాలి? వెయ్యిమంది ప్రయత్నించి ఓడిపోయినా అది సాక్ష్యం కాదు, వెయ్యిన్నొకటో మనిషికి తట్టవచ్చు. సర్దడం, కత్తిరించడం, పంచడం అనే మూడు ఇంటి పనుల చుట్టూ పెరిగిన గణితమంతా, నేను చదివినంతలో, ఈ రెండో మాటకి సాక్ష్యం వెతికిన చరిత్రే.

కుప్పలో కాయలెన్నో లెక్కగట్టడం పాత విద్య. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదంలో, దానికి సూత్రం ఉంది. ముక్కోణపు కుప్పకి పది పొరలుంటే పదిని పదకొండుతో, వచ్చినదాన్ని పన్నెండుతో హెచ్చించి ఆరుతో భాగించాలి. 220 కాయలు. కుప్పని విప్పనక్కర్లేదు. పదహారో శతాబ్ది చివర్లో ఇంగ్లండులో వాల్టర్ రాలీ కొలువులో ఉన్న థామస్ హారియట్‌కి ఇదే అవసరం ఎదురైంది. అక్కడ బత్తాయిలకి బదులు ఓడ మీద ఫిరంగి గుళ్ళు. హారియట్ లెక్కతో ఆగలేదు. పదార్థమంతా అణువుల పేర్పే అయితే అవి ఎలా పేర్చుకుని ఉంటాయని ఆలోచించాడు. 1606 నుంచి కెప్లర్‌తో ఉత్తరాలు నడిపాడు.

యొహానెస్ కెప్లర్ అప్పుడు ప్రాగ్ నగరంలో చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు. నూతన సంవత్సరానికి తన ఆప్తుడు వాకర్‌కి ఏం కానుక ఇవ్వాలా అనుకుంటూ వంతెన దాటుతుంటే కోటు మీద మంచు రేకులు రాలాయి. ప్రతి రేకుకీ ఆరు కొనలే. ఐదు ఎందుకు లేవు, ఏడు ఎందుకు లేవు? ఆ ప్రశ్న మీద రాసిన చిన్న పుస్తకమే ఆయన ఇచ్చిన కానుక. అందులో తేనెపట్టు గదుల గురించి రాశాడు. దానిమ్మకాయని విప్పి గింజలు ఒకదాన్నొకటి ఒత్తుకుని పలకలు దేరడం గురించి రాశాడు. ఆ దారిలోనే గుండ్రటి గుళ్ళని గుంటల్లో పేర్చడమే అన్నిటికంటే ఒత్తైన పేర్పు అని తేల్చాడు. రుజువు ఇవ్వలేదు. దానిమ్మ ఒలిచే ప్రతివాడికీ కనిపించే సంగతి నుంచి ఇంత పెద్ద ప్రశ్న తీసిన ఆ చూపు నాకు ఎంతో ఇష్టం.

1694లో కేంబ్రిడ్జిలో న్యూటన్‌ని చూడవచ్చిన డేవిడ్ గ్రెగరీతో మాటల్లో ఇంకో చిక్కు పుట్టింది. ఒక బంతి చుట్టూ అంతే పరిమాణం గల బంతులు ఎన్ని తాకేలా పెట్టగలం? పన్నెండు సులభంగా పడతాయి. వింత ఏమిటంటే పన్నెండూ పెట్టాక మధ్యలో బోలెడు జాగా మిగులుతుంది, బంతుల్ని అటూ ఇటూ దొర్లించవచ్చు. ఆ జాగా అంతా ఒకచోటికి తోస్తే పదమూడోది పడుతుందేమోనని గ్రెగరీ అన్నాడు. పన్నెండే అన్నది న్యూటన్ వైపు. న్యూటనే ఒప్పు. అయితే ఆ ఒప్పుకి పూర్తి రుజువు 1953లో షూటే, వాన్ డెర్ వేర్డెన్ ఇచ్చారు. "ఇంకొకటి పడుతుందా?" అన్న ప్రశ్న రెండున్నర శతాబ్దాలు తలుపు దగ్గరే నిలబడింది.

1831లో గౌస్ కెప్లర్ మాటలో ఒక భాగాన్ని నిజం చేశాడు. పేర్పు అంతటా ఒకే వరసలో, గీసిన జాలీలా తిరిగి తిరిగి వస్తుంటే 74 శాతాన్ని మించలేమని చూపాడు. మిగిలిన ప్రశ్న అడ్డదిడ్డపు పేర్పులది. ఒక బంతి చుట్టుపక్కల మాత్రమే చూస్తే 75 శాతం దాటే అమరిక నిజంగానే ఉంది. అది కాస్త దూరం వెళ్ళేసరికి అతకదు, సందులు పడతాయి. ఒకచోట లాభం తీస్తే ఇంకోచోట ఎంత నష్టం కట్టాలో తేల్చడమే గౌస్ తర్వాతివాళ్ళకి మిగిలిన పని.

అడ్డదిడ్డం అన్నప్పుడల్లా మా ఊళ్ళో ధాన్యం కొలవడం గుర్తొస్తుంది. కుంచంలో పోసి చేత్తో తల కొట్టి కొలిచేవాళ్ళు కొందరు. పోసేటప్పుడు కుంచాన్ని నేలకి తట్టి కుదిపేవాళ్ళు కొందరు. కుదిపితే గింజ ఎక్కువ పడుతుంది, కొనేవాడికి లాభం. దీని మీద జగడాలే అయ్యేవి. 1960లో కెనడాలో స్కాట్ అనే ఆయన ఇనుప గుళ్ళతో ఈ పనే చేసి చూశాడు. ఊరికే పోస్తే 60 శాతం, బాగా కుదిపితే 64 శాతానికి దగ్గర. ఎంత కుదిపినా అక్కడితో సరి. 74కి చేరాలంటే చెయ్యి పడాలి.

కంటికి తోచిందే నిజమనుకుంటే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. నాలుగు సమబాహు ముక్కోణాల ముఖాలు గల దిమ్మెలతో సందు లేకుండా చోటు నింపవచ్చని అరిస్టాటిల్ రాశాడు. పదిహేనో శతాబ్దం దాకా లోకం ఆ మాట మోసింది. ఒక అంచు చుట్టూ ఐదు దిమ్మెలు చేర్చి చూస్తే ఏడు డిగ్రీల పైచిలుకు సందు మిగులుతుంది. ఎవరైనా మట్టితో చేసి చూడగలిగిన సంగతి అది.

ఇక లెనిన్‌గ్రాద్ వెళ్ళాలి. ఈ చరిత్రకి నడిబొడ్డు అదేనని నా నమ్మకం.

లియొనీద్ కాంతొరోవిచ్ ఇరవై రెండేళ్ళకే ప్రొఫెసర్ అయిన మేధావి. శుద్ధ గణితం ఆయన ఇష్టం. 1938లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల నుంచి ఇంజనీర్లు ఆయన దగ్గరికి వచ్చారు. దుంగల్ని పలచటి పొరలుగా చెక్కే యంత్రాలు రకరకాలు. ఒక్కో రకం కలపని ఒక్కో యంత్రం ఒక్కో వేగంతో చెక్కుతుంది. ఏ కలపని ఏ యంత్రానికి ఎంతసేపు ఇస్తే ఉత్పత్తి ఎక్కువ? చూడ్డానికి చిన్న లెక్క. మామూలు పద్ధతిలో చేయబోతే లక్షల కొద్దీ సమీకరణాల గుంపులు విప్పాలి. ఆయన దానికి దారి కనిపెట్టి 1939లో ఒక సన్నటి పుస్తకం వేశాడు. రేకులూ పలకలూ కడ్డీలూ తక్కువ తుక్కుతో కత్తిరించే లెక్క కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఈ విద్యకి తర్వాత లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరొచ్చింది. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ విడిగా దాన్ని కనుక్కుని, చేత్తోనూ యంత్రంతోనూ నడిపించగల సింప్లెక్స్ పద్ధతి ఇచ్చాడు.

కాంతొరోవిచ్ పద్ధతిలో ప్రాణం ఎక్కడుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇల్లు కట్టేచోట ఇనుప ఊచలు పన్నెండు మీటర్ల పొడవుతో దిగుతాయి. మనకి ఏడు మీటర్ల ముక్కలు పది కావాలనుకుందాం. మొత్తం పొడవు 70 మీటర్లే, ఆరు ఊచలకి సరిపోవాలి. సరిపోవు. ఎందుకు సరిపోవో ఇలా చూపవచ్చు. ఆరు మీటర్లు దాటిన ప్రతి ముక్కకీ ఒక రూపాయి వెల కట్టండి, తక్కిన వాటికి వెల సున్నా. ఒక ఊచని ఎలా కోసినా అందులోంచి రూపాయి కంటే ఎక్కువ సరుకు రాదు. మనకి కావలసిన సరుకు పది రూపాయలది. కాబట్టి పది ఊచలు తప్పవు. ఇందులో కోత పద్ధతులన్నీ వెతకలేదు. సరైన వెల కట్టాం, అంతే. ఆ వెలలే "ఇంతకంటే కుదరదు" అన్న మాటకి సాక్ష్యం. ప్లైవుడ్ లెక్క లాంటి ప్రతి చిక్కుకీ ఇలాంటి వెలల జత ఒకటి ఉంటుందనీ, దాన్ని పట్టుకుంటే అన్నిటికంటే మంచి పథకం దొరికినట్టేననీ కాంతొరోవిచ్ చూపాడు. వాటికి ఆయన పెట్టిన పేరు పరిష్కార గుణకాలు.

పేరు ఏదైనా అవి ధరలే. శ్రమే విలువకి మూలమనే దేశంలో సమీకరణంలోంచి ధర పుట్టడం అనుమానాస్పదం. యుద్ధకాలంలో, 1942 నాటికే, ఆయన రాసుకున్న ఆర్థికశాస్త్ర గ్రంథం 1959 దాకా అచ్చు కాలేదు. ఈ మధ్యలో లెనిన్‌గ్రాద్‌లోని యెగోరోవ్ రైలుపెట్టెల కర్మాగారంలో ఆయన పద్ధతితో రేకు కోశారు. తుక్కు బాగా తగ్గింది. తగ్గేసరికి చిక్కు వచ్చింది. ఉక్కు కొలుములకి తుక్కు అప్పగించడం కూడా ఆ కర్మాగారం ప్రణాళికలో భాగమే, ఆ లెక్క తప్పింది. 1975లో కాంతొరోవిచ్‌కి కూప్‌మన్స్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

1961లో ఐబీఎంలో గిల్మోర్, గొమొరీ ఈ విద్యని కాగితం మిల్లులకి తెచ్చారు. పెద్ద చుట్టని చిన్న వెడల్పుల చుట్టలుగా కోసే తీరులు కోట్లలో ఉంటాయి. అన్నీ రాసుకుంటే కంప్యూటరు నిండిపోతుంది. వాళ్ళ ఉపాయం చక్కనిది. ముందు కొన్ని తీరులతో మొదలుపెట్టి ముక్కలకి వెలలు కట్టాలి. ఆ వెలల్లో ఒక చుట్ట ధరని మించి సరుకు తీసే కొత్త తీరు ఏదైనా ఉందా అని అడగాలి. ఉంటే దాన్ని చేర్చుకుని వెలలు మళ్ళీ కట్టాలి. ఏదీ లేదంటే పని అయిపోయింది, సాక్ష్యం చేతికొచ్చింది. కోట్ల తీరుల్లో నిజంగా ముట్టుకున్నవి కొన్ని పదులే. కాగితం, ఉక్కు, గాజు, గుడ్డ కోసే పరిశ్రమల్లో ఈ ఉపాయం ఈనాటికీ నడుస్తోంది.

ప్లైవుడ్ కోసం పుట్టిన ఈ విద్య బత్తాయి కుప్ప దగ్గరికి తిరిగి రావడం నన్ను ఆశ్చర్యపరిచే మలుపు. 1953లో హంగరీ గణితజ్ఞుడు లాస్లో ఫెయెష్ టోత్ కెప్లర్ ప్రశ్నని, చాలా పెద్దదే అయినా అంతం ఉన్న లెక్కగా మార్చవచ్చని సూచించాడు. కంప్యూటర్లు ఆ లెక్క చేయగలవేమో అన్నాడు. థామస్ హేల్స్, తన విద్యార్థి శామ్యూల్ ఫెర్గూసన్‌తో కలిసి, ఆ దారినే నడిచాడు. బంతుల అమరికల్లో పరిశీలించక తప్పనివి కొన్ని వేలుగా తేలాయి. వాటిలో ఏదీ 74 శాతాన్ని మించదని చూపడానికి లక్ష దాకా లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలు చేయించాడు. 1998 ఆగస్టులో రుజువు ప్రకటించాడు. చేత్తో రాసిన భాగం 250 పుటలు, కంప్యూటరు దస్త్రాలు మూడు గిగాబైట్లు.

దాన్ని సరిచూడటానికి పన్నెండు మంది పరీక్షకులు కూర్చున్నారు. వాళ్ళకి పెద్ద గాబోర్ ఫెయెష్ టోత్, లాస్లో కొడుకే. ఏళ్ళ తరబడి చూసి, 99 శాతం నమ్మకం ఉందని, కంప్యూటరు లెక్క ప్రతి అడుగూ చూడటం తమవల్ల కాదని చెప్పారు. 2005లో వ్యాసం అచ్చయింది. ఆ మిగిలిన ఒక్క శాతం హేల్స్‌ని నిలవనీయలేదు. రుజువులో ప్రతి తార్కికమైన అడుగునీ యంత్రమే తనిఖీ చేసేలా మళ్ళీ మొదటినుంచి రాయడానికి 2003లోనే ఒక పథకం మొదలుపెట్టాడు. వియత్నాం యువ గణితజ్ఞులు సహా ఎందరో చేతులు వేశారు. 2014 ఆగస్టు 10న అది ముగిసింది. ఆ దీర్ఘశ్రమ అంతా "పట్టదు" అన్న ఒక్క మాట కోసం.

బంతులు పేర్చడం సందేశాలు పంపడానికీ పనికొస్తుందని ఇరవయ్యో శతాబ్ది నడుమ తెలిసింది. పంపే ప్రతి మాటనీ బహు కొలతల (డైమెన్షన్ల) ఆకాశంలో ఒక బిందువు అనుకోండి. దారిలో రొద వల్ల అది కాస్త జరుగుతుంది. ఒక్కో బిందువు చుట్టూ ఒక బంతి గీసి, బంతులు ఒకదాన్నొకటి దూరకుండా ఉంచితే, జరిగిన మాటని కూడా సరిగ్గా గుర్తుపట్టవచ్చు. ఎన్ని బంతులు పడతాయో దానికి హద్దు 1950లో రిచర్డ్ హామింగ్ పెట్టాడు. ఆ హద్దులో కనిపించే కూడికే, అంతకు మూడేళ్ళ ముందు, కల్యంపూడి రాధాకృష్ణారావు రాసిన వ్యాసంలో ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు. ఆయన అడిగింది వేరే ప్రశ్న. పంటల ప్రయోగంలో ఎన్నో అంశాలని ఒకేసారి పరీక్షించాలంటే కనీసం ఎన్ని మళ్ళు కావాలి? హామింగ్‌ది "ఇంతకు మించి పట్టవు", రావుది "ఇంతకు తగ్గి కుదరదు". ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ అని 1973లో ఫిలిప్ డెల్సార్ట్ చూపాడు. అందుకు ఆయన వాడింది కూడా లీనియర్ ప్రోగ్రామింగే.

2003లో కోన్, ఎల్కీస్ దీన్ని నిజమైన బంతుల మీదికి తెచ్చారు. ఏ కొలతలోనైనా సరే, కొన్ని షరతులు తీర్చే ఒక ప్రమేయం దొరికితే అది పేర్పుకి పై హద్దు వేస్తుంది. ఊచల లెక్కలో మనం కట్టిన వెలల లాంటిదే ఆ ప్రమేయం. ఎనిమిది కొలతల్లో, ఇరవై నాలుగు కొలతల్లో ఆ హద్దు తెలిసిన పేర్పుతో అచ్చంగా కలిసిపోతుందని అంకెలు చెప్పాయి. ప్రమేయం మాత్రం అప్పటికి ఎవరికీ చిక్కలేదు. 2016 మార్చి 14న, బెర్లిన్‌లో ఉన్న కీవ్ అమ్మాయి మరీనా వియాజోవ్‌స్కా ఎనిమిది కొలతల ప్రమేయాన్ని పట్టుకుంది. వ్యాసం 23 పుటలు. వారం తిరక్కుండానే మరో నలుగురితో కలిసి ఇరవై నాలుగు కొలతలదీ తేల్చింది. ఆ ప్రమేయం అల్లిన దారాల్లో మూడింటిని రామానుజన్ 1916 నాటి తన వ్యాసంలో పీ, క్యూ, ఆర్ అని పిలిచి, వాటి మధ్య సంబంధాలు రాసిపెట్టాడు. ఒకప్పుడు మద్రాసులో గుమాస్తాగా పనిచేసిన ఆయన వందేళ్ళ కిందటి రాత, ఎనిమిది కొలతల బంతుల మధ్య ఇంకొకటి పట్టదనడానికి అక్కరకొచ్చింది. వియాజోవ్‌స్కాకి 2022లో ఫీల్డ్స్ పతకం ఇచ్చారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు కొలతల్లో ప్రశ్న అలాగే ఉంది.

ఇంతవరకు చెప్పినవి చాలామటుకు సాక్ష్యం చివరికి దొరికిన కథలు. అన్నిచోట్లా దొరకదు.

ఊచల దగ్గరికే పోదాం. పన్నెండు మీటర్ల ఊచల్లోంచి ఐదు మీటర్లవి రెండు, నాలుగువి రెండు, మూడువి రెండు ముక్కలు కావాలి. అనుభవం ఉన్న మేస్త్రి పెద్ద ముక్కలు ముందు కోస్తాడు, అది మంచి పద్ధతే. మొదటి ఊచలో ఐదూ ఐదూ. రెండో ఊచలో నాలుగూ నాలుగూ మూడూ. చివరి మూడు మీటర్ల ముక్క రెంటిలోనూ పట్టదు, మూడో ఊచ తియ్యాలి. నిజానికి ఐదూ నాలుగూ మూడూ కలిపి కోస్తే రెండు ఊచలు నిండుగా సరిపోయేవి. ఈ మేస్త్రి పద్ధతి ఎంత చెడ్డగా పోగలదో 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్ చుట్టూ చేరిన రొనాల్డ్ గ్రాహమ్, మైకేల్ గారీ, డేవిడ్ జాన్సన్ తదితరులు లెక్కగట్టారు. ముక్కలు వచ్చిన వరసలోనే పెడితే అవసరానికి 17/10 వంతుల దాకా ఊచలు పట్టవచ్చు. పెద్దవి ముందు పెడితే 11/9 వంతులు దాటవు, పైన ఒక చిన్న మిగులు తప్ప. ఆ మిగులు కచ్చితంగా ఎంతో 2007లో గానీ తేలలేదు. పూర్తిగా మంచిది దొరకనప్పుడు, తోచింది చేస్తే ఎంతకు మించి నష్టపోమో హామీ ఇవ్వడం అనే ఆలోచన ఇక్కడే బలపడింది.

మంచిది ఎందుకు దొరకదు? అమెరికా ప్రయాణానికి ముందు రాత్రి మన ఇళ్ళలో జరిగేది చూడండి. పెట్టెకి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. నడవలో పరిచిన ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, బట్టలు, మనవడి బొమ్మలు. మొత్తం 46 కిలోలే. ఒక పెట్టె 24 తూగుతుంది, రెండోది 22. పచ్చడి సీసా అటు మారిస్తే అటు ఎక్కువ. అమ్మ సున్నుండలు తియ్యనివ్వదు. నలభై వస్తువుల్ని రెండు పెట్టెల్లోకి పంచే విధాలు దాదాపు 55 వేల కోట్లు. ఎన్ని విధాలో లెక్కించడం మనకి కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో అలాంటి సూత్రం ఉంది, ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. విధాలని లెక్కించగలం. వాటిలోంచి సరైనది ఏరడమే కష్టం.

1972లో బర్క్‌లీలో రిచర్డ్ కార్ప్ ఒకదానికొకటి చుట్టాలైన ఇరవై ఒక్క చిక్కుల జాబితా ఇచ్చాడు. ఒకదానికి అన్ని వేళలా పనిచేసే చురుకైన పద్ధతి దొరికితే అన్నిటికీ దొరికినట్టే. సంచి నింపే లెక్క అందులో ఉంది, రెండు సమాన భాగాలు చేసే లెక్క కూడా ఉంది. పెట్టెలు సమంగా తూగితే ఆ పెట్టెలే సాక్ష్యం, తక్కెడ మీద పెట్టి చూపవచ్చు. ఏ విధంగా పంచినా సమం కాదనడానికి మాత్రం అన్ని సందర్భాల్లోనూ పనికొచ్చే పొట్టి సాక్ష్యం ఎవరికీ తెలియదు. అలాంటిది ఉండదనే ఎక్కువమంది నమ్మకం. దానికీ రుజువు లేదు. తూకాలు కిలోల్లో, చిన్న అంకెల్లో ఉంటే బెల్‌మన్ చూపిన పట్టిక పద్ధతిలో క్షణాల్లో తేలిపోతుంది. ఒక్కో అంకె వంద స్థానాల పొడవుంటే ఆ పట్టిక భూమి మీద పట్టదు. ఈ కష్టాన్నే తాళంగా వాడి 1978లో మెర్కిల్, హెల్మన్ ఒక రహస్య లిపి కట్టారు. నాలుగేళ్ళకే ఆది షమీర్ దాన్ని విప్పేశాడు. లెక్క కష్టమైనదే, వాళ్ళు వాడిన అంకెల్లో మాత్రం దాచిన పొందిక బయటపడింది.

గ్వాలియర్‌లో పుట్టి బొంబాయి ఐఐటీలో చదివిన నరేంద్ర కర్మార్కర్ 1982లో కార్ప్‌తో కలిసి ఊచల కోత, పెట్టెల పంపకం అనే ఈ రెండు చిక్కుల మీదా చెయ్యి వేశాడు. పంపకానికి వాళ్ళు చెప్పిన ఉపాయం ఎవరైనా కాగితం మీద చేసి చూడవచ్చు. 8, 7, 6, 5, 4 కిలోల మూటలున్నాయి. పెద్దవి ముందు తీసి, తేలిక పెట్టెలో వేసుకుంటూ పోతే 17, 13గా తేలతాయి, తేడా 4. కర్మార్కర్ దారిలో రెండు పెద్ద మూటల్ని చెరో పెట్టెలో వేస్తామని మాత్రం ఒప్పుకుని, ఏది ఎటో తర్వాత చూద్దామని, వాటి బదులు తేడా రాసుకోవాలి. 8, 7 పోయి 1. తర్వాత 6, 5 పోయి ఇంకో 1. మిగిలినవి 4, 1, 1. అవి 3, 1 అయి, చివరికి 2. తేడా సగానికి తగ్గింది. అసలు జవాబు సున్నా, 8 ప్లస్ 7 ఒకవైపు, తక్కినవి ఇంకోవైపు. ఊచల లెక్కలోనూ వాళ్ళు చాలా ముందుకు వెళ్ళారు. కాంతొరోవిచ్ వెలలు చెప్పే హద్దుకి, నిజంగా కావలసిన ఊచల సంఖ్యకి ఎంతో దూరం ఉండదని చూపారు. ఆ దూరం ఒకటి రెండు ఊచలకి మించదని చాలామంది ఊహ. ఇంతవరకు దానికి ఎదురు ఉదాహరణ లేదు, రుజువూ లేదు.

పంపకం అనగానే తూకమొక్కటే కాదు, మనుషులుంటారు. యుద్ధకాలంలో ల్వూవ్ నగరం జర్మన్ల చేతికి చిక్కినప్పుడు గణితజ్ఞుడు హ్యూగో స్టైన్‌హౌస్ మారుపేరుతో పల్లెల్లో దాక్కున్నాడు. స్టెఫాన్ బనాఖ్ టైఫస్ టీకా తయారీ కోసం తన రక్తంతో పేలని మేపే పనిలో బతికాడు. ఆ రోజుల్లోనే స్టైన్‌హౌస్ ఆలోచించిన ప్రశ్న ఇది. ఒక రొట్టెని ముగ్గురు పంచుకోవాలి, ఒక్కొక్కరి కంటికి ఒక్కో ముక్క ఎక్కువగా తోస్తుంది, ఎవరికీ అన్యాయం జరిగిందనిపించకుండా ఎలా? ఇద్దరైతే ఒకరు కోసి రెండోవారు ఎంచుకుంటారు. ముగ్గురికి ఆయనే దారి కనుక్కున్నాడు. ఎంతమందికైనా పనికొచ్చే దారి అడిగితే బనాఖ్, క్నాస్టర్ చెప్పారు. మొదటివాడు తన వాటా అనిపించినంత కోస్తాడు. అది ఎక్కువనిపించిన ప్రతివాడూ కాస్త తగ్గించవచ్చు. ఆఖర్న తగ్గించినవాడే ఆ ముక్క తీసుకుని తప్పుకుంటాడు. ఎవరూ తగ్గించకపోతే కోసినవాడిదే. మిగిలినవాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు. ఇక్కడ సాక్షి బయట లేడు, వాటా అందుకున్నవాడే సాక్షి. స్టైన్‌హౌస్ 1948లో దీన్ని అచ్చువేసేనాటికి బనాఖ్ లేడు. పక్కవాడి ముక్క మీద అసూయ కూడా కలగకుండా పంచే పద్ధతి ముగ్గురికి 1960 ప్రాంతంలో వచ్చింది. ఎంతమందికైనా ఇన్ని కోతల్లో ముగుస్తుందని హద్దుతో సహా 2016లో అజీజ్, మెకంజీ చూపారు. ఆ హద్దు రాయబోతే చాలా పెద్ద అంకె, వాడుకలో పెట్టడం కుదరదు.

చివరగా, ఇంట్లో చేసి చూడదగ్గది ఒకటి. పది సెంటీమీటర్ల చదరపు అట్టముక్కలు పదకొండు కత్తిరించండి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా అన్నీ పట్టే చదరపు పళ్ళెం ఎంత చిన్నది? నలభై సెంటీమీటర్ల పళ్ళెంలో వరసగా పదహారు పడతాయి కనుక పదకొండు సులువు. 1979లో వాల్టర్ ట్రంప్ అనే ఆయన కొన్ని ముక్కల్ని నలభై డిగ్రీల చిల్లర వంకరగా తిప్పి, 38.77 సెంటీమీటర్ల పళ్ళెంలో పదకొండూ ఇమిడ్చాడు. చూస్తే ఎవరో కాలితో తన్నినట్టుంటుంది, పొందిక కనిపించదు. 37.88 సెంటీమీటర్ల పళ్ళెంలో మాత్రం పట్టవని 2003లో వాల్టర్ స్ట్రామ్‌క్విస్ట్ రుజువు చేశాడు. ఈ రెంటికీ మధ్య ఉన్నది తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ తొమ్మిది మిల్లీమీటర్లలో ఇంకో పేర్పు దాగుందో, ఇప్పటికి తెలిసినదే మించనిదో, చెప్పగల సాక్ష్యం కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు.